బొమ్మలాయన సైన్యం

మా ముత్తాత ఒక్కడు కాదు, పదకొండు మంది. మా ఇంట్లో ఈ మాట ఎవరికీ వింతగా ఉండేది కాదు. ఇంకొకరింట్లో తాత పహిల్వాన్ అని చెప్పుకున్నట్టు మేము ఇది చెప్పుకునేవాళ్ళం. రెండో తరగతిలో నేనూ అలాగే చెప్పి, బడంతా నవ్వితే ఏడుస్తూ ఇంటికొచ్చాను.

కథ ఏమిటంటే, నిజాం కాలంలో, సినిమాకు ఇంకా మాటలు రాని రోజుల్లో, మా ముత్తాత నల్లగొండ పక్క పల్లె నుంచి చింతపండు బండి కట్టుకుని పట్నం వస్తూ సరూర్‌నగర్ చెరువు కట్ట దగ్గర ఎద్దులను విప్పాడట. అక్కడ మూడు కాళ్ళ మీద ఒక పెట్టె నిలబెట్టుకుని ఒకాయన తలపట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన యుద్ధం తీయాలి. సైన్యం లేదు. కట్ట మీద ఆగిన బండ్లవాళ్ళందరినీ పోగేస్తే పన్నెండు మంది తేలారు. వాళ్ళ చేతికి కర్రలూ తలకు పాగాలూ ఇచ్చి పెట్టె ముందు నుంచి నడిపించాడు. అటు దాటినవాళ్ళు గుట్ట వెనక నుంచి చుట్టు తిరిగి వచ్చి, పాగా రంగు మార్చుకుని మళ్ళీ ముందు నుంచి నడవాలి. పొద్దు వాలేదాకా అలా పదకొండు సార్లు తిరిగారు. పన్నెండు మంది నడిస్తే ఒక సైన్యం నడిచింది.

అయితే ఆయన ఒక నియమం పెట్టాడట. వచ్చిన ప్రతిసారీ వేరే మనిషివై రావాలి. ఒకసారి ఇంటి దగ్గర పసిబిడ్డను వదిలి వచ్చినవాడివి, ఒకసారి జ్వరం దాచుకుని నడుస్తున్నవాడివి, ఒకసారి యుద్ధమంటే సరదా పడేవాడివి. మొహం అదే అయినా మనసులో మనిషి మారితే నడక మారుతుంది, చూసేవాళ్ళు ముందు నడకనే చూస్తారు అని ఆయన నమ్మకం. మా ముత్తాత ముసలితనంలో కూడా ఆ పదకొండు మందినీ వరసగా చెప్పేవాడట. నాలుగోవాడికి పన్నునొప్పి అని చెబుతూ తన చెంప పట్టుకునేవాడట.

ఆ సినిమా తీసినాయన పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. బొమ్మలాయన అనేవాళ్ళం. ఆ సినిమాను మా వంశంలో ఎవరూ చూడలేదు. పెద్దయ్యాక నేను పుస్తకాల్లో వెతికాను. ఆ రోజుల్లో మన ఊళ్ళో సినిమాలు తీసినవాళ్ళ గురించి రెండు మూడు వాక్యాలుంటాయి, రీళ్ళు మిగల్లేదని నాలుగో వాక్యం ఉంటుంది. చెరువు కట్ట గురించి ఎక్కడా లేదు. నాకు మొదటి నుంచీ అనుమానమే. మా నాయినకు మాత్రం సూర్యుడు తూర్పున పొడుస్తాడన్నంత నమ్మకం.

నాయినకు కొత్తపేటలో, రైతు బజార్ వెనక సందులో, పెళ్ళి వీడియోలు తీసే స్టూడియో ఉండేది. అసలు ఆ పని పట్టిందే బొమ్మలాయన వల్ల. పెళ్ళికూతురిని గుమ్మం లోంచి రెండుసార్లు నడిపించేవాడు. “బిడ్డా, మొదటిసారి నువ్వు నడిచినవ్. గిప్పుడు మీ అమ్మ పెండ్లినాడు మీ అమ్మ నడిచినట్టు నడువు,” అనేవాడు. పెళ్ళివాళ్ళు విసుక్కునేవాళ్ళు, పంతులు గడియారం చూసుకునేవాడు. డిగ్రీ అయ్యాక కంప్యూటర్ ముందు కూర్చుని ఆ వీడియోలన్నీ కోసి అతికే పని నా నెత్తిన పడింది కాబట్టి నాకు ఇంకా ఒళ్ళు మండేది. నిజానికి రెండోసారి నడకే ఎప్పుడూ బాగుండేది. ఆ మాట నాయినతో చచ్చినా అనలేదు.

మా సందులోనే పై వాటాలో ఒక సార్ కిరాయికి ఉండేవారు. గోదావరి వైపు మనిషి. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెప్పేవారు. భార్య పోయింది, ఒక్కతే కూతురు. ఆ పిల్లను పదేళ్ళదాకా ఊళ్ళో నాయనమ్మ పెంచి పంపింది. నాకంటే ఏడాది పెద్ద. ఇంటర్‌లో సార్ దగ్గర ట్యూషన్‌కు వెళ్ళినప్పుడు నేను “గిదెట్ల సార్?” అని అడిగితే ఆ పిల్ల నా యాసకు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు మీది కోపాన్ని నేను ఐదేళ్ళు మోశాను. తెలంగాణ ఉద్యమం వచ్చాక దాన్ని మోయడం ఇంకా తేలికైంది.

అవి సకల జనుల సమ్మె రోజులు. దసరా వెళ్ళింది. బస్సులు డిపోల్లో ఆగి నెల అవుతోంది. చంపాపేట రోడ్డు మీద డేరా వేసి రోజూ రిలే నిరాహార దీక్ష. రోజుకు పదిమంది మెడలో పూలదండలు వేసుకుని పొద్దున్నుంచి కూర్చోవడం, సాయంత్రం నిమ్మరసం తాగి లేవడం. నాయిన అక్కడే ఉండేవాడు, నేనూ వెళ్ళేదాన్ని. బంద్ రోజు దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు ఎలా ఉండేదో ఇప్పటివాళ్ళకు చెప్పినా నమ్మరు. ఎల్బీనగర్ దాకా చూపు ఆగేది కాదు. అంత వెడల్పు రోడ్డు మీద ఒక పావురం నడుచుకుంటూ దాటడం చూశాను. ఆ నిశ్శబ్దంలో సొంత చెప్పుల చప్పుడు వినబడితే ఎవరో వెనక వస్తున్నారని తిరిగి చూసేదాన్ని. అది మా ఊరు కాదు, మా ఊరికి వచ్చిన కల అనిపించేది.

సరిగ్గా అలాంటి రోజునే సార్ వాళ్ళమ్మాయి పెళ్ళి. ముహూర్తం మూడు నెలల కిందట పెట్టుకున్నది, బంద్‌కు మూడు రోజుల కిందట పిలుపిచ్చారు. ఫంక్షన్ హాల్ చంపాపేటలో, మా డేరాకు రోడ్డు అవతలే. మూడు వందల కుర్చీలకు ఎర్ర గుడ్డలు కట్టి, వెనక వంటలు చేసి పెట్టారు. పెళ్ళికొడుకు వాళ్ళు వనస్థలిపురం నుంచి బండ్ల మీద ఒక పదిహేను మంది వచ్చారు. పెళ్ళికూతురి వైపు నుంచి సార్ ఒక్కరే. ఊరి నుంచి నాయనమ్మా, చుట్టాలందరూ మాట్లాడుకుని ఎక్కిన బస్సు తెలంగాణ పొలిమేర దాకా వచ్చి, రోడ్డు మీద కూర్చున్న జనాన్ని చూసి తెల్లవారుజామున వెనక్కి తిరిగిపోయింది. కోచింగ్ సెంటర్ వాళ్ళు నగరం అటు చివర నుంచి రాలేమన్నారు.

నేనూ నాయినా కెమెరాలతో లోపలికి వెళ్ళేసరికి పెళ్ళికూతురు ముస్తాబై కూర్చుని ఉంది. చేతులు గోరింటాకుతో ఎర్రగా ఉన్నాయి, కళ్ళు అంతకంటే ఎర్రగా ఉన్నాయి.

“వీడియో వద్దండీ,” అంది నాయినతో. “నాయనమ్మ పొద్దున్న ఫోన్ చేసింది. మనవాళ్ళు లేకపోతే పోనీ, నా బంగారం మీద నలుగురు మనుషులు అక్షింతలు వేయడం నేను కళ్ళారా చూడాలి, వీడియో పంపించండి అంది. ఈ కుర్చీలు చూస్తే ఆవిడ తట్టుకోలేదు. కెమెరా పాడైపోయిందని చెప్పేస్తాం.”

సార్ పక్కనే నిలబడి ఉన్నారు. బోర్డు మీద లెక్క తప్పు వేసినట్టు నేల చూస్తున్నారు. నాకు జాలి వేసింది, జాలి వేసినందుకు కోపం కూడా వచ్చింది. బంద్ చేసింది మేమే కదా.

నాయిన హాలంతా ఒకసారి చూశాడు. వేదిక వెనక తెర, తెర వెనక వంటశాలకు పోయే నడవా, నడవా నుంచి మళ్ళీ హాలు గుమ్మం. ఆ చూపు నాకు తెలుసు. వద్దు నాయినా అని గొణిగాను.

“సార్, జర ఆగుండ్రి. ముహూర్తానికి ఇంక గంట ఉన్నది,” అన్నాడు నాయిన.

“ఆ నాయనమ్మకు తెలుసు గదా నాయినా, వాళ్ళెవ్వళ్లు రాలేదని. బస్సుల ఆమెనే ఉండె గదా,” అన్నాను.

“వాళ్లు రాలేదని ఎరుకే. ఎవ్వళ్లు రాలేదని ఎరుక లేదు గదా,” అని రోడ్డు దాటి డేరాలోకి పోయాడు. నేను వెనకే పరుగెత్తాను.

డేరాలో నినాదాలు ఆగి అందరూ నాయిన వైపు చూశారు. చెప్పాడు. ఆ ఖాళీ కుర్చీల్లో మనమే చుట్టాలుగా కూర్చోవాలన్నాడు. వెంటనే ఒకతను, “అన్నా, ఆంధ్రోళ్ల పెండ్లికి మనం జనమేంది? రేపు మనల్నే నవ్వుతరు,” అన్నాడు. ఒక ఆటో డ్రైవర్ బీడీ ఆర్పి, “మనం బంద్ పెట్టబట్టే గదనే ఆ పిల్లకు గీ గతి,” అన్నాడు. మాటా మాటా పెరిగింది. నాయిన బొమ్మలాయన కథ మొదలుపెట్టేసరికి నేను సిగ్గుతో తల తిప్పుకున్నాను.

ఆ రోజు దీక్షలో కూర్చున్నవాళ్ళలో కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర జామకాయలమ్మే అవ్వ ఒకామె ఉంది. నోరు పెద్దది. బేరమాడే వాళ్ళను వాళ్ళ ఏడుతరాలతో కలిపి కడిగేది. అవ్వ మెడలో పూలదండ తీసి డేరా గుంజకు తగిలించింది.

“పిల్ల పెండ్లికి బంద్ లేదు. నడువుండ్రి,” అంది.

నడిచారు. అందరూ కాదు. పదిహేడు మంది వచ్చారు. మెడలోని ఉద్యమ కండువాలు తీసి జేబుల్లో పెట్టుకోమని నాయిన బతిమాలితే ఇద్దరు గుమ్మం నుంచే తిరిగిపోయారు. వాళ్ళను తప్పుపట్టడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు.

జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ అయ్యాయి. ఆ తర్వాత అక్షింతలు వేయడానికి అతిథులు వరసగా వేదిక ఎక్కుతారు కదా, అక్కడ మొదలైంది. కుడివైపు ఎక్కడం, అక్షింతలు వేసి ఎడమవైపు దిగడం, తెర వెనక నుంచి నడవా గుండా తిరిగి మళ్ళీ గుమ్మంలోకి. నడవాలో ఒకరి కళ్ళజోడు ఒకరికి మారేది. ఒకరి చొక్కా మీద ఇంకొకరి కోటు ఎక్కేది. వంటవాళ్ళ తువ్వాళ్ళు కూడా ఉత్తరీయాలైపోయాయి. నాయిన ఎత్తు పీట మీద నిలబడి కెమెరా పట్టుకుని మెల్లగా, నిద్రలో మాట్లాడినట్టు, “వచ్చిన మనిషివే మళ్ల రాకు. వేరే మనిషివై రా,” అంటూనే ఉన్నాడు.

“వేరే మనిషంటే ఎవరన్నా?” అని ఆటో డ్రైవర్ అడిగాడు. ఆ జవాబు సార్ దగ్గర ఉంది. నేను బ్యాటరీ కోసం తెర వెనకకు వెళ్ళినప్పుడు చూశాను. ఆయన ఒక ప్లాస్టిక్ కుర్చీలో పిలుపుల కాగితం పట్టుకుని కూర్చుని, ఎదురుగా వచ్చిన ఒక్కొక్కరికీ ఒక్కొక్కరిని అప్పగిస్తున్నారు.

“మీరు మా పెద్దన్నయ్యండి. మాట పెళుసు. పిల్ల తల మీద చెయ్యి వేస్తాడు గానీ ఏమీ మాట్లాడడు.”

“నేను గూడ గంతే సార్,” అన్నాడు ఆటో డ్రైవర్.

“మీరు వాళ్ళ మేనమామ. చెల్లెలు పోయాక మా ఇంటికి రావడం మానేశాడు. ఈ పెళ్ళికి వస్తానన్నాడండీ. బస్సెక్కాడు కూడా.” సార్ కాగితం మడిచి మళ్ళీ విప్పారు. ఆ మేనమామను తీసుకున్నది మా బస్తీ బడిలో లెక్కల పంతులు. ఆయన వేదిక ఎక్కి, అక్షింతలు వేసి, అలాగే నిలబడిపోయి భుజాలు కదిలేలా ఏడ్చాడు. వెనక వరస ఆగిపోయింది. నాయిన కెమెరా ఆపలేదు.

నా కెమెరా హాలు వైపు. ముందు మూడు వరసలే నిండేలా కూర్చోబెట్టి, కింద నుంచి తీస్తే ముప్పై వరసల్లా కనబడేది. అలా తీస్తూ తీస్తూ నాకే ఏదో అయింది. గుమ్మంలోంచి వస్తున్న మనిషి ఆటో డ్రైవర్ అని తెలుసు, కానీ ఆ నడక ఆయనది కాదు. మాట పెళుసైన ఒక పెద్దమనిషి వచ్చి కూర్చుని లేచి వెళ్ళాడు. ఆయన వెనకే ఎన్నడూ చూడని ఒక పిన్ని, ఒక బాబాయి, ఊళ్ళో పక్కింటి రైతు. సన్నాయి ఆగకుండా మోగుతోంది. కిటికీ అవతల ఊరంతా ఖాళీ, లోపల ఎడతెగని జనం. చింతపండు బండి దిగిన మా ముత్తాత కూడా ఆ వరసలో ఎక్కడో ఉన్నాడనిపించింది. చూస్తే కనబడడేమోనని భయపడి చూడలేదు.

ఈ గుండ్రం తిరుగుడులో ఒక్క మనిషి మాత్రం మాట వినలేదు. అవ్వ. ఆమె సార్ దగ్గరికి కూడా పోలేదు, ఎవరినీ అడగలేదు. మెల్లగా వేదిక ఎక్కి, పెళ్ళికూతురి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని కాసేపు చూసింది. తర్వాత ఆ పిల్ల కణతల మీదుగా చేతులు తిప్పి తన కణతలకు ఆనించి మెటికలు విరిచింది. పెళ్ళికూతురు అంతవరకూ బొమ్మలా నవ్వుతూ ఉన్నది, ఒక్కసారిగా ఆమె పొట్టలో మొహం పెట్టేసుకుంది. అవ్వ దిగి వచ్చి ముందు వరసలో మొదటి కుర్చీలో కూర్చుంది. నాయనమ్మకని సార్ శాలువా కప్పి ఉంచిన కుర్చీ అది. శాలువా తీసి ఒళ్ళో పెట్టుకుంది.

నాయిన నాకు సైగ చేశాడు. నేను వెళ్ళి, “అవ్వా, లేచి మళ్ల తిరిగి రావాలె,” అన్నాను.

“ఎందుకు తిరుగుత? నాయనమ్మ ఒక్కతే ఉంటది,” అంది. తంతు అంతా అయ్యేదాకా కదలలేదు.

భోజనాలకు సార్ ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. తిన్నవాళ్ళు తిన్నారు. దీక్షలో ఉన్నవాళ్ళు బూరెల వాసన పీలుస్తూ రోడ్డు దాటి డేరాకు వెళ్ళిపోయారు. సార్ వెంట పరుగెత్తి అవ్వను బతిమాలారు. దీక్ష తప్పితే రేపు డేరాల నా మొహం ఏడ పెట్టుకోవాలె సారూ అని ఆమె నవ్వి, గుంజకు వేలాడుతున్న తన దండ తీసి మెడలో వేసుకుంది. సాయంత్రం దాకా మంచినీళ్ళతోనే ఉంది.

ఆ వీడియో కోసి అతకడానికి నాకు పది రోజులు పట్టింది. ఒక మనిషి రెండు నడకల మధ్య ఎంతమంది రావాలో, కోటు ఎక్కడ మారాలో, అంతా కొలిచి కొలిచి పెట్టాను. అంత శ్రద్ధగా అంతకుముందు ఏ పనీ చేయలేదు. లెక్కల పంతులు ఏడ్చిన చోట మాత్రం కత్తెర పెట్టబుద్ధి కాలేదు. చివరకు చూస్తే మూడు వందల మంది వచ్చిన పెళ్ళి. ఎవరూ పట్టుకోలేరని నాకు గర్వంగా ఉండేది. బస్సులు కదిలాక సార్ డిస్క్ ఊరికి పంపారు.

రెండు వారాలకు స్టూడియోకు ఫోన్ వచ్చింది. నాయిన లేడు. నేనే ఎత్తాను.

“అమ్మాయ్, మా పిల్ల పెళ్ళి వీడియో తీసింది మీరేనా? నేను దాని నాయనమ్మని,” అంది ఒక ముసలి గొంతు.

నేను మౌస్ వదిలి లేచి నిలబడ్డాను.

“రోజూ చూస్తున్నానమ్మా. మనవలు పెట్టి ఇస్తున్నారు. చాలామంది వచ్చారు. కొందరు పాపం చాలాసార్లు వచ్చారు,” అని ఆగింది. గొంతులో కోపం లేదు. “నేనేమీ అనడం లేదులే. ఒక్క మాట అడుగుదామని. ముందు కుర్చీలో కూర్చున్న పెద్దావిడ ఒక్కసారే వచ్చింది, మళ్ళీ రాలేదు. పిల్ల ఆవిడ దగ్గర ఏడ్చింది. ఎవరే అంటే చెప్పడం లేదు. ఎవరమ్మా ఆవిడ?”

ఏమైనా చెప్పొచ్చు. పక్కింటావిడ అనొచ్చు. పెళ్ళికొడుకు తరఫు అనొచ్చు. నా నోట్లోంచి వచ్చింది వేరు.

“మీరేనండీ.”

“నేనా?”

“మీ బదులు వచ్చారు. ఎవరూ పంపలేదండీ. తనంతట తానే వచ్చి మీ కుర్చీలో కూర్చున్నారు.”

అవతల ఆవిడ ఎవరినో టీవీ చప్పుడు తగ్గించమంది. తర్వాత ఆ గొంతు చాలా చిన్నగా అడిగింది.

“మరి నేను భోంచేసే వెళ్ళానా?”

గుంజ దగ్గర నిలబడి దండ వేసుకుంటున్న అవ్వ నా కళ్ళ ముందుకు వచ్చింది. ఇన్నేళ్ళూ నాయినను అబద్ధాలకోరు అని దెప్పిన నోరు ఇది. ఆ నోరు క్షణం కూడా తడుముకోలేదు.

“తిన్నారండీ. కడుపునిండా తిన్నారు. బూరెలు రెండోసారి అడిగి వేయించుకున్నారు.”

“బూరెకు గుంట చేసి నెయ్యి పోశారా?”

“పోశారండీ. చాలు చాలంటున్నా పోశారు.”

ఆవిడ ఏడుస్తోంది. నేనూ ఏడుస్తున్నాను.

“అయితే సరే,” అంది నాయనమ్మ.